తెనాలిలో కొలిమి లేని కంచుపోత

విజయవాడలో చెన్నై వైపు రైలెక్కితే కృష్ణ దాటాక పసుపు యార్డున్న దుగ్గిరాల, ఆ వెంటనే తెనాలి. మూడు కాలవల ఊరు. నేను దిగింది మాత్రం విగ్రహాల కోసం. కూడళ్ళలో నిలబెట్టే నాయకుల బొమ్మలు ఇక్కడ కంచులోనూ చేస్తారు, ఫైబర్‌లోనూ చేస్తారు. ఫైబర్ వాటిలో చాలావాటికి పైన ఉండేది ఉత్త పెయింటే. నేను చూడాలనుకున్నది పాలిస్టర్ రెజిన్‌లో, అంటే పోశాక గట్టిపడే ద్రవ ప్లాస్టిక్‌లో, అసలు కంచుపొడి కలిపి పోసే పద్ధతి.

షెడ్డులో ఒక బస్టు (తల నుంచి ఛాతీ దాకా ఉండే బొమ్మ) అచ్చు సిద్ధంగా ఉంది. లోపల సిలికాన్ రబ్బరు, అది వంగిపోకుండా బయట ఫైబర్ డొప్ప. పక్కన డబ్బాలో 325 మెష్ జల్లెడ దాటిన కంచుపొడి, అంటే రేణువు దాదాపు 45 మైక్రాన్లకు మించదు. పెయింటు కొట్లో దొరికే మెరుపుపొడి ఇందుకు పనికిరాదు. అది రేకుల్లా ఉంటుంది కాబట్టి కాస్త కలపగానే రెజిన్ ముద్దకట్టేస్తుంది, లోహం తక్కువే పడుతుంది.

ముందు తడిలేని బ్రష్‌తో అచ్చు లోపలంతా కంచుపొడి అద్ది, బోర్లించి తట్టి, ఎక్కువైంది దులిపేశారు. తర్వాత జెల్ కోట్, అంటే బొమ్మకు పైన కనపడే పొర. మగ్గు రెజిన్‌కి మగ్గు పొడి. తూకంలో చూస్తే కిలో రెజిన్‌కి నాలుగు కిలోల దాకా పొడి, ఖర్చంతా అక్కడే. నిలువు గోడల మీద జారకుండా, రెజిన్‌ని చిక్కబరిచే ఫ్యూమ్డ్ సిలికా పొడి కొద్దికొద్దిగా వేస్తారు. గట్టిపడటాన్ని వేగం చేసే కోబాల్ట్ యాక్సిలరేటర్ ముందే రెజిన్‌లో బాగా కలిసిపోవాలి, గట్టిపడటాన్ని మొదలుపెట్టే క్యాటలిస్ట్ అన్నిటికన్నా చివర, ఒకటి రెండు శాతం. ఆ శాతం రెజిన్ తూకం మీదే లెక్క, పొడితో కలిపి కాదు. యాక్సిలరేటర్, క్యాటలిస్ట్ నేరుగా కలిస్తే భగ్గుమంటాయి. "ఆ రెండు సీసాలూ ఒకే బల్ల మీద పెట్టనివ్వనండీ" అన్నారు మేస్త్రీ.

కంచుపొడిలోని రాగి పాలిస్టర్ రెజిన్ గట్టిపడటాన్ని ఆలస్యం చేస్తుంది. అందుకే పొడి బస్తా మారినప్పుడల్లా చిన్న కప్పులో పరీక్ష. ఆలస్యమవుతోందని క్యాటలిస్ట్ గుమ్మరిస్తే వేడెక్కి పగులుతుంది.

ముక్కు కొన, చెవి తమ్మెలు గాలి బుడగల స్థావరాలు. అక్కడ ముందుగా సన్నని బ్రష్‌తో పొడిచి పొడిచి నింపి, తర్వాతే మిగతా భాగం. పొర వేలికి జిగురుగా తగిలి, వేలికి అంటకుండా ఉన్నప్పుడు వెనక మామూలు రెజిన్‌తో 450 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 450 గ్రాముల) గాజునార మ్యాట్ రెండు వరసలు. తొందరపడితే, లేదా పొర పలచనైతే, వెనక రెజిన్‌లోని స్టైరీన్ అనే ద్రావకం దాన్ని ఉబ్బించి ముఖమంతా ముడతలు పెడుతుంది. ఇక దాన్ని బాగుచేయడం ఉండదు, మళ్ళీ పోయడమే.

అచ్చు విప్పాక ఎవరికైనా నిరాశే, గోధుమరంగు ప్లాస్టిక్‌లా ఉంటుంది. లోహం మీద సన్నని రెజిన్ తెర ఉంది మరి. స్టీల్ ఊల్‌తో రుద్దాలి, చివరికొచ్చేసరికి నాలుగు సున్నాల (0000) నంబరు, అంటే అతి సన్నని రకం, వాడాలి. కనుబొమలు, మీసం, ఉత్తరీయం అంచులు ముందు వెలుగుతాయి. గుంటలు నల్లగా వదిలేస్తేనే బొమ్మకు లోతు. మోటారు బఫ్ (మెరుగుపెట్టే గుడ్డచక్రం) వాడితే వేడికి రెజిన్ మెత్తబడి రేగుతుంది. నా దృష్టిలో చేతి రుద్దుడే ఈ పనిలో అసలు శిల్పం.

పైనున్నది నిజమైన కంచు కాబట్టి రసాయనం పట్టుకుంటుంది. పలచని ఫెర్రిక్ క్లోరైడ్‌తో గోధుమ నలుపు, అమ్మోనియా ఆవిరితో నీలి ఆకుపచ్చ. రెజిన్ తెర మిగిలిన చోట మచ్చలు మచ్చలుగా పడుతుంది. పోత కంచుకు పెట్టినట్టు దీనికి మంట పెట్టకూడదు. బాగా కడిగి, ఆరబెట్టి, మైనం పూయడంతో పని ముగుస్తుంది.

కొనేవాళ్ళు పీఠం దగ్గర, కనపడని మూల స్టీల్ ఊల్‌తో రుద్ది చూపించమనండి. పొడి పోత అయితే రుద్దేకొద్దీ మెరుస్తుంది, పెయింటు అయితే లేచిపోయి కింది ఫైబర్ బయటపడుతుంది.