డిస్పెన్సర్ ఫిల్టరు మార్చిన పని: నా అనుభవం

పెట్రోలు డిస్పెన్సర్‌లో, అంటే బంకులో వాహనాలకు పెట్రోలు పోసే యంత్రంలో, ఫిల్టరు మార్చే పనిని ఒక సీనియర్ టెక్నీషియన్ పర్యవేక్షణలో మొదటిసారి నేనే పూర్తిగా చేసినప్పుడు, ఫిల్టరు విప్పి బిగించడానికి పట్టిన సమయం చాలా తక్కువ. మిగతా సమయమంతా దానికి ముందూ వెనుకా తీసుకోవలసిన జాగ్రత్తలకే సరిపోయింది. అది అలాగే ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు ఆ డిస్పెన్సర్ చుట్టూ బారికేడ్లు పెట్టి వాహనాలు రాకుండా చేసి, పొడి రసాయన అగ్నిమాపక సిలిండరును చేతికందేలా ఉంచుకున్నాను. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు కనుక పైకి తేలిపోకుండా నేల వెంబడి పాకి, డిస్పెన్సర్ కింద ఉండే సంప్ (పైపులు వచ్చి చేరే గుంట) వంటి పల్లపు చోట్ల నిలుస్తుంది. గాలిలో అది సుమారు 1.4 శాతానికి చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకు కూడా అంటుకుంటుంది. అందువల్ల కింది తలుపు తీయగానే గ్యాస్ డిటెక్టర్‌ను సంప్ అడుగు దాకా దించి చూశాను.

ఈ పనిలో అందరూ బాగా అర్థం చేసుకోవలసినది పంపు సంగతి. భూగర్భ ట్యాంకులోని సబ్‌మెర్సిబుల్ పంపు ఒక్క డిస్పెన్సర్‌ది కాదు. అదే ఇంధనం ఇచ్చే డిస్పెన్సర్లన్నీ దాన్నే వాడుకుంటాయి. నా ముందున్న డిస్పెన్సర్‌కు కరెంటు ఆపినా, పక్కదాని దగ్గర ఎవరైనా నాజిల్ ఎత్తితే పంపు నడిచి ఈ పైపులో కూడా ఒత్తిడి నిండుతుంది. ఆ సమయంలో ఫిల్టరు వదులుగా ఉంటే పెట్రోలు నేరుగా ముఖం మీదికి చిమ్ముతుంది. పైగా పంపును నడిపించే సంకేతపు తీగ గుండా పక్క డిస్పెన్సర్ నుంచి కరెంటు వెనక్కి రావచ్చు.

కాబట్టి ముందు షియర్ వాల్వ్‌ను, అంటే డిస్పెన్సర్ అడుగున పైపులో ఉండి ఇంధనాన్ని ఆపే భద్రతా వాల్వ్‌ను మూసి, నేలమీద ఉంచిన లోహపు క్యాను అంచుకు నాజిల్‌ను ఆనించి, ధార ఆగిపోయేదాకా పెట్రోలు పట్టాను. లైనులో మిగిలిన ఒత్తిడి దీనితో దిగిపోతుంది, వాల్వ్ నిజంగా మూసుకుందని కూడా తేలుతుంది. ధార ఆగకపోతే ఆ పని అక్కడితో ఆపేయవలసిందే. నాజిల్‌ను క్యానుకు ఆనించేది స్థిర విద్యుత్తు వల్ల రవ్వ పుట్టకుండా ఉండటానికి. తర్వాత డిస్పెన్సర్ బ్రేకరునూ పంపు బ్రేకరునూ ఆపి, రెండింటికీ నా తాళం, నా పేరున్న ట్యాగ్ వేసి, కరెంటు లేదని టెస్టరుతో నిర్ధారించుకున్నాను. ఆ టెస్టరు సరిగ్గా పనిచేస్తోందో లేదో ముందే కరెంటున్న చోట చూసుకోవాలి.

ఫిల్టరు కింద ట్రే పెట్టి, కొద్దిగా తిప్పి ఆగి, లోపల మిగిలినది కారిపోయాక తీశాను. పెట్రోలులోని బెంజీన్ క్యాన్సర్‌కు కారకం. నైట్రైల్ గ్లవ్స్ లేకుండా ఈ పని చేయకూడదు. కొత్త ఫిల్టరు బిగించాక, అతుకు చుట్టూ పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచాను, ఎందుకంటే తడి ఉన్నచోట సన్నని చెమ్మ కంటికి ఆనదు. తాళాలు నేనే తీసి, వాల్వ్ మెల్లగా తెరిచి, పంపు నడుస్తుండగా ఆ అతుకును చూస్తూనే క్యానులోకి మళ్లీ పెట్రోలు పట్టి, లైనులోని గాలి పోయి అతుకు పొడిగానే ఉందని చూశాక తలుపు మూసి బారికేడ్లు తొలగించాను.