నల్లమందు ఇల్లంతటికీ పట్టినప్పుడు

ధర్మవరంలో గుంట మగ్గం ఉన్న ఇల్లు చూసినవాళ్లకు ఆఫ్ఘనిస్తాన్ ఉత్తరాన తుర్కమెన్ జాతివాళ్ల తివాచీ ఇల్లు వింతగా అనిపించదు. మగ్గం ఇంట్లోనే, పని ఇంటిల్లిపాదిదీ, డబ్బు మాత్రం నేత దిగాకే. తేడా ఏమిటంటే, అక్కడి కొన్ని ఇళ్లలో తల్లి మగ్గం ముందు కూర్చునే ముందు చంటిబిడ్డకు నలుసంత నల్లమందు వేలితో నాకిస్తుంది, లేదంటే టీలో కరిగించి పడుతుంది. బిడ్డ పడుకుంటే ముడులు సాగుతాయి. నడుము నొప్పికి, వేళ్ల పోట్లకు తనూ ఇంత వేసుకుంటుంది.

ఆ తల్లిని తిట్టేముందు ఆ మందు ఏం చేస్తుందో చూడాలి. గసగసాల మొక్క పచ్చికాయకు సాయంత్రం గాట్లు పెడితే కారిన పాలు తెల్లారేసరికి ముదురు రంగు తిరిగి జిగటగా గట్టిపడతాయి. గీకి తీస్తే అదే నల్లమందు. అందులో సుమారు పదోవంతు మార్ఫిన్, కాస్త కోడీన్, రెండూ నొప్పి తగ్గించి మత్తు కలిగించేవే. నొప్పి తగ్గుతుంది, దగ్గు ఆగుతుంది, విరేచనాలు కడతాయి, నిద్ర పడుతుంది. డాక్టరూ మందుల షాపూ లేని, ఈశాన్య ఆఫ్ఘనిస్తాన్‌లోని బదఖ్షాన్ కొండపల్లెలో ఈ నాలుగింటికీ ఒకటే మందు దొరికితే ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారు. పండించే రైతైతే కొనాల్సిన పని కూడా లేదు.

(మనం కోడికూరలో నూరి వేసే గసగసాలు ఆ మొక్క గింజలే. మన చట్టంలో గింజలకు అడ్డు లేదు. కానీ రాయచోటి నుంచి దుబాయ్‌కో సౌదీకో పోయేవాళ్లు మసాలాలతో పాటు అవీ పెట్టెలో సర్దుకోవద్దు. అక్కడ అవి నిషిద్ధం, జైలు పాలు కావచ్చు.)

2015లో ఆఫ్ఘనిస్తాన్‌లో వెంట్రుకలు, మూత్రం, లాలాజలం పరీక్షించి దేశవ్యాప్త సర్వే చేశారు. 31 శాతం ఇళ్లలో కనీసం ఒకరికి ఏదో ఒక మత్తుపదార్థం బయటపడింది. పట్నాల కంటే పల్లెల్లోనే ఎక్కువ. పిల్లల్లో అందరికీ నోట్లో పెట్టినదే కాదు. చలికాలంలో తలుపులు బిగించిన ఒకే గదిలో తాత పొగ తాగితే మనవడూ పీలుస్తాడు. ఇలాంటి ఇళ్లలో నల్లమందు మానేసినవాళ్లు లేరని కాదు, అదే గదిలోకి తిరిగొచ్చి మళ్లీ మొదలుపెట్టినవాళ్లు ఎక్కువ.

పసిబిడ్డ సంగతి విడిగా చెప్పాలి. వాడి కాలేయం మార్ఫిన్‌ను పెద్దవాళ్లంత వేగంగా బయటికి పంపలేదు, అందుకని డోసు మీద డోసు పేరుకుంటుంది. ఊపిరి మందగిస్తుంది, మలబద్ధకం పట్టుకుంటుంది, పాలు సరిగా తాగడు, బరువు పెరగడు. మత్తు దిగగానే వణుకుతూ ఏడుస్తాడు. తల్లి అది కడుపునొప్పనుకుని మళ్లీ పెడుతుంది. చాలా ఇళ్లలో అలవాటు బిగుసుకునేది ఈ ఒక్క పొరపాటుతోనే. తల్లి కడుపుతో ఉండగానే వాడుతుంటే బిడ్డ పుట్టిన ఒకటి నుంచి మూడు రోజుల్లో కీచుగా ఏడుపు, వణుకు, తుమ్ములు, నీళ్ల విరేచనాలు కనబడతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. అలాగని గర్భిణికి ఒక్కసారిగా ఆపించకూడదు. గర్భం పోయే ప్రమాదముంది. డాక్టరు చేతి కింద, నల్లమందుకు బదులుగా ఇచ్చే బుప్రెనార్ఫిన్‌కో మెథడోన్‌కో మార్చాలి.

2022 ఏప్రిల్‌లో తాలిబాన్ నల్లమందు సాగు నిషేధించింది. ఐక్యరాజ్యసమితి లెక్కలో ఆ ఏడు 2,33,000 హెక్టార్లున్న పంట 2023కు 10,800కు పడిపోయింది. పొలం ఖాళీ అయింది, ఒంట్లో అలవాటు అలాగే ఉంది. కాబూల్‌లో పుల్-ఎ-సోఖ్తా వంతెన కింద ఉండే, మత్తుకు అలవాటుపడిన మగవాళ్లను తాలిబాన్లు ఊడ్చుకుపోయి, మత్తు దిగేటప్పటి బాధకు సరైన మందు లేకుండానే వారాల తరబడి ఉంచి వదిలారు. ఇందులో అసలు ప్రమాదం వదిలాక ఉంది. కొన్ని వారాలు మానితే ఒళ్లు పాత డోసును తట్టుకోలేదు. బయటికొచ్చి మునుపటంతే తీసుకుంటే ఊపిరి ఆగుతుంది.

నల్లమందు మాన్పించడానికి నిజంగా పనిచేసే పద్ధతి నిదానమైనది. ఇంట్లో వాడేవాళ్లందరికీ ఒకేసారి మొదలుపెట్టాలి, ముసలివాళ్లతో సహా. చివరి నల్లమందు తీసుకున్నాక 8 నుంచి 12 గంటలకు ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్లు గగుర్పాటు మొదలవుతాయి. అవి బాగా కనబడ్డాకే మొదటి బుప్రెనార్ఫిన్ మాత్ర నాలుక కింద పెట్టాలి. తొందరపడి ముందే పెడితే మార్ఫిన్‌ను తోసేసి విత్‌డ్రాయల్‌ను, అంటే మత్తు దిగేటప్పటి బాధను, ఒక్కసారిగా మీదికి తెస్తుంది. మనిషి 'ఈ మందే చంపుతోంది' అని పారిపోతాడు. మాత్ర పూర్తిగా కరిగేదాకా మింగకూడదు, నీళ్లు తాగకూడదు. వేరే మందు లేకుండా మానితే బాధ రెండు మూడు రోజులకు ముదిరి, వారం పది రోజులకు తగ్గుతుంది. వాంతులు, విరేచనాలుంటే ఓఆర్ఎస్ ఆపొద్దు. పసిపిల్లలకు మాత్రం ఇంట్లో తగ్గించే ప్రయత్నమే వద్దు, ఆసుపత్రే. ఇవన్నీ చేసి మగ్గం దగ్గర బిడ్డను ఎవరు చూస్తారో, నడుము నొప్పికి ఏమిస్తారో తేల్చకపోతే నెల తిరక్కుండా నల్లమందు డబ్బా మళ్లీ తెరుచుకుంటుంది.

మన దగ్గర నల్లమందు ఇళ్లు అరుదు. కానీ ఒళ్లు నొప్పులకు చీటీ లేకుండా నల్లమందు కోవకే చెందిన ట్రమడాల్ మాత్ర, బిడ్డ పడుకోవడానికి దగ్గు సిరప్ అనే లెక్క మాత్రం ఆ తివాచీ ఇంటిదే. ట్రమడాల్‌ను 2018 ఏప్రిల్‌లో మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు కోడీన్ సిరప్ ఇవ్వొద్దు. మానాలనుకునేవాళ్లు కేసు భయంతో దాక్కుంటారు గానీ, సొంతంగా వాడేవాడు తనంతట తాను చికిత్సకు వస్తే కేసు నుంచి రక్షణ ఇచ్చే 64ఎ సెక్షన్ అదే చట్టంలో ఉంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగానికి వెళ్లాలి. ఫోన్‌లో అడగాలంటే 14446, ఖర్చు లేదు.

ఎవరైనా లేపినా లేవకుండా, కంటిపాప సూదిమొనంత అయి, ఊపిరి గురకలా ఆగాగి వస్తుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఏం మింగాడో దాచకుండా చెప్పండి. విరుగుడు నాలాక్సోన్ ఇంజెక్షన్. దాని పని అరగంట నుంచి గంటన్నర వరకే, మార్ఫిన్ అంతకంటే ఎక్కువసేపు ఉండొచ్చు. కళ్లు తెరిచాడు కదా అని ఆసుపత్రి నుంచి వెంటనే ఇంటికి తెచ్చుకోవద్దు.