షర్టు విప్పమంటే? కానిస్టేబుల్ ప్రిపరేషన్‌లో నేను దాచుకున్న సంగతి

ఏ సబ్జెక్టుకి ఏ పుస్తకం చదివానో, రోజుకి ఎన్ని బిట్స్ చేశానో నేను రాయను. అవి మీకు నాకంటే బాగా తెలుసు. నన్ను ఇబ్బంది పెట్టింది సిలబస్ కాదు, నా ఛాతీ.

2022 నవంబర్‌లో ఏపీ కానిస్టేబుల్ నోటిఫికేషన్ వచ్చింది. ఎత్తు 167.6 సెంటీమీటర్లు, ఛాతీ 86.3, ఊపిరి పీలిస్తే ఇంకో 5 పెరగాలి. రూమ్‌లో అందరూ టేపు పట్టుకుని కొలుచుకుంటున్నారు. నేను మాత్రం టీకి వెళ్లొస్తానని బయటికొచ్చేశాను. కొలవాలంటే షర్టు విప్పాలి కదా. టెన్త్ నుంచి నా ఛాతీ ఆడపిల్లల్లా ఎత్తుగా ఉండేది. ఇంటర్ హాస్టల్లో దానికో పేరు కూడా పెట్టారు, అది ఇక్కడ రాయలేను. అప్పటినుంచీ షర్టు కింద రెండు బనియన్లు.

2023 జనవరి 22న ప్రిలిమ్స్ రాసి పాసయ్యాను. తర్వాత ఈవెంట్స్, అంటే కొలతలు, పరుగు లాంటి శారీరక పరీక్షలు, ఎప్పుడో ఎవరికీ తెలియదు. అందరూ ఆ ఆలస్యాన్ని తిట్టుకుంటుంటే నాకు లోపల సంతోషంగా ఉండేది. చీకట్లోనే గ్రౌండ్‌కి వెళ్లి, తెల్లవారగానే రూమ్‌కి వచ్చేసేవాణ్ణి. మే నెలలో రెండు బనియన్లతో పరుగెత్తితే ఊపిరాడుతుందా? 1600 మీటర్లకు 8 నిమిషాలు ఇస్తారు. నేను దాని అంచుల్లోనే ఉండేవాణ్ణి.

పుషప్స్ కొడితే కరిగిపోతుందని ఒక సీనియర్ అన్నాడు. ఏడాది కొట్టాను. కింద కండ పెరిగి, పైన ఉన్నది ఇంకా ముందుకొచ్చింది. జిమ్‌లో ఒకాయన ఇంజెక్షన్ల కోర్సు చేయమన్నాడు. డబ్బుల్లేక ఆగాను గానీ, తెలివి ఉండి కాదు. కండల కోసం వాడే స్టెరాయిడ్ల వల్ల కూడా చాలామందికి ఇలా ఛాతీ పెరుగుతుందని తర్వాత డాక్టరు చెప్పాక వణుకు పుట్టింది. శరీరం ఆ మందులో కొంత భాగాన్ని ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌గా మార్చేస్తుందట.

2024 మొదట్లో మా బావ బలవంతం మీద ప్రభుత్వ ఆసుపత్రిలో సర్జన్ దగ్గరికి వెళ్లాను. ఆయన పడుకోబెట్టి, చనుమొన చుట్టూ రెండు వేళ్లతో నొక్కి చూశారు. కింద బిళ్లలా గట్టిగా తగిలితే అది రొమ్ము గ్రంథి, మగవాళ్లలో అది పెరగడాన్నే గైనకోమాస్టియా అంటారు. మెత్తగా ఉండి ఏమీ తగలకపోతే ఉత్త కొవ్వు, బరువు తగ్గితే అదీ తగ్గుతుంది. నాది బిళ్లే. ఏడాది పుషప్స్ ఎందుకు పనిచేయలేదో రెండు నిమిషాల్లో అర్థమైంది.

ఎదిగే వయసులో మగపిల్లల్లో చాలామందికి ఇది వస్తుందట. అప్పట్లో హార్మోన్ల లెక్క కొన్నాళ్లు తప్పుతుంది. ఎక్కువమందికి ఆరు నెలల నుంచి రెండేళ్లలో దానంతటదే పోతుంది. నాలాంటి కొందరికే ఉండిపోతుంది. ఏ మందులు వాడుతున్నావు, తాగుతావా అని అడిగారు. లివర్, థైరాయిడ్, టెస్టోస్టెరాన్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ల పరీక్షలు రాశారు. వృషణాలు కూడా చూశారు, సిగ్గుపడకండి. అరుదుగా అక్కడి గడ్డ వల్ల కూడా రొమ్ము పెరుగుతుంది. ఒకవైపే గట్టిగా పెరిగినా, చనుమొన నుంచి రక్తం కారినా మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దన్నారు. మగవాళ్లకీ రొమ్ము క్యాన్సర్ వస్తుంది.

నా రిపోర్టులన్నీ నార్మల్. మాత్రలు ఇవ్వండి సార్ అన్నాను. వచ్చిన కొత్తలో, నొప్పి ఉన్నప్పుడు అయితే టామాక్సిఫెన్ లాంటివి కొంత పనిచేస్తాయట. ఏడాది దాటితే ఆ కణజాలం పీచులా గట్టిపడిపోతుంది, ఇక మందుకి లొంగదు. ఛాతీ తగ్గుతుందని ఆన్‌లైన్‌లో తెప్పించి దాచిపెట్టుకున్న క్యాప్సూల్స్ ఆ రాత్రే చెత్తబుట్టలో వేశాను. మిగిలినవి రెండు దారులు: అలాగే వదిలేయడం, లేదా ఆపరేషన్. "వదిలేసినా ప్రాణానికి ఏమీ కాదు, నీ ఇష్టం" అన్నారాయన. ఆ మాట ఎవరైనా నాకు ఇంటర్‌లో చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

ఆపరేషన్‌కే ఒప్పుకున్నాను. చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం అంచున చిన్న కోత పెట్టి గ్రంథిని తీశారు, చుట్టూ ఉన్న కొవ్వుని గొట్టంతో లాగేశారు. తీసినదాన్ని ల్యాబ్‌కి పంపితే ఏ దోషమూ లేదని వచ్చింది. ఆరు వారాలు ఛాతీని నొక్కి ఉంచే బిగుతు జాకెట్, పరుగు బంద్. లోపల రక్తమో నీరో చేరవచ్చు, స్పర్శ తగ్గవచ్చు అని ముందే చెప్పారు. నాకు ఎడమవైపు చాలా నెలలు మొద్దుబారి ఉంది. ఆ ఆరు వారాలూ పాలిటీ రెండుసార్లు తిరగేశాను. అందుకే చెబుతున్నా, చేయించుకోవాలనుకుంటే ఈవెంట్స్ డేట్ వచ్చేదాకా ఆగకండి. ఆర్మీ, కేంద్ర బలగాలకి వెళ్లేవాళ్లయితే మరీనూ. అక్కడి మెడికల్‌లో దీన్ని ప్రత్యేకంగా చూస్తారు, మీ నోటిఫికేషన్‌లో మెడికల్ నిబంధనలు ముందే చదువుకోండి.

2024 డిసెంబర్ ఆఖర్లో పీఎంటీలు, అంటే ఎత్తు, ఛాతీ కొలిచే పరీక్షలు, మొదలయ్యాయి. నా వంతు వచ్చేసరికి గుండె దడ. టేపు పట్టుకున్నాయన నా మొహం కూడా చూడలేదు. "ఊపిరి పీల్చు... వదులు... నెక్స్ట్." అంతే. నా ముందున్న కుర్రాడికి అచ్చం నా పాత ఛాతీయే. అతనికీ అదే టేపు, అదే "నెక్స్ట్". 1600 మీటర్లలో అతను నాకంటే ముందే గీత దాటాడు.