ఇద్దరికీ కలిపి ఒక ముడి

2017 సెప్టెంబరులో ఒకరోజు గడ్డం గీసుకుంటుంటే మెడ దగ్గర, కాలర్ ఎముకకి కాస్త పైన, గోలీకాయంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. రాత్రుళ్లు చెమటతో దిండు తడిసిపోతుంటే ఆ నేరం డాలస్ ఎండల మీదకి నెట్టాను. అక్టోబరు చివర్లో బయాప్సీ చేస్తే హాడ్జికిన్ లింఫోమా అని తేలింది. "క్యాన్సర్లలో ఇది మంచిదేనట కదా" అని ఫోన్ చేసినవాళ్లందరూ అన్నారు. మంచి క్యాన్సర్! విన్నప్పుడల్లా ఒళ్లు మండేది.

ఏబీవీడీ అని నాలుగు మందులు కలిపి ఇస్తారు. రెండు వారాలకోసారి, మొత్తం 12 సార్లు. వాటిలో మొదటిది అచ్చం రూహ్ అఫ్జా రంగులో ఉంటుంది. నర్సు పక్కన కూర్చుని సిరంజితో నెమ్మదిగా ఎక్కిస్తుంది. ఆ తర్వాత మూత్రం కూడా ఎర్రగానే వస్తుంది. ఈ జన్మకి నాకింక రూహ్ అఫ్జా అక్కర్లేదు.

మందులు ఎక్కించడానికి ఛాతీలో చర్మం కింద పెట్టిన పోర్టును సెలైన్‌తో కడిగిన ప్రతిసారీ నోట్లో ఇనుప ముక్క చప్పరించినట్టుండేది. నా మొహం చూసి పక్క కుర్చీలోని పెద్దాయన ఒక నిమ్మ బిళ్ల విసిరారు. మా పరిచయం అలా మొదలైంది. ఆయనకి 74 ఏళ్లు, లారీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో స్టేజి. ముక్కులో ఆక్సిజన్ గొట్టం, కాళ్ల దగ్గర బుస్సు బుస్సుమనే చిన్న మిషను. చెప్పేదంతా చేపల గురించే. బాస్ చేపకి కప్ప అంటే ఎంత ఇష్టమో చెబుతుంటే, మా ఊరి చెరువులో మేమూ కప్పపిల్లని గాలానికి గుచ్చే కొర్రమీనుని పట్టేవాళ్లమన్నాను. కొర్రమీను తన పిల్లల మందని కాపలా కాస్తుందని చెప్పాను. బాస్‌లో ఆ పని మగదే చేస్తుందట, గూడు దగ్గరే తిరుగుతూ దగ్గరికి వచ్చినదాన్నల్లా తరుముతుందట. ఆ రోజు డ్రిప్ అయిపోయిన సంగతి ఇద్దరం గమనించలేదు.

పదో డోసు అయ్యాక, "వచ్చే శనివారం ఫోర్క్‌కి వస్తావా?" అని అడిగారు. లేక్ ఫోర్క్ డాలస్‌కి తూర్పున గంటన్నర దూరం. 1980లో ఆనకట్ట పూర్తయిన రిజర్వాయరు, దాదాపు 27 వేల ఎకరాలు. చెట్లు చాలావరకు కొట్టకుండానే నీళ్లు నింపేశారు కాబట్టి ఇప్పటికీ ఎండు మోళ్లు నీళ్లలోంచి పొడుచుకుని ఉంటాయి. బాస్‌కి అవే ఇళ్లు.

మా ఆవిడ ఒప్పుకోలేదు. వీడియో కాల్‌లో అమ్మ అయితే "ఈ ఒంటితో చేపలేందిరా, నీకు మతి పోయిందా?" అంది. వాళ్ల తప్పేమీ లేదు. అయిదు నెలలుగా ఇంట్లో నన్ను పగుళ్లు వచ్చిన కుండలా చూస్తున్నారు. మంచినీళ్ల గ్లాసు కూడా నా చేతికే తెచ్చిస్తారు. ఆ పెద్దాయన ఒక్కరే నాకు పని చెప్పారు: "నా కొడుకు పడవ నీళ్లలో దించి ఒడ్డున ఉంటాడు. పడవలో నాకు రెండు చేతులు తక్కువ పడతాయి, నువ్వు రావాలి." నర్సుని అడిగితే గ్లవ్స్ వేసుకోమంది, గాలం గుచ్చుకోకుండా చూసుకోమంది, జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యమంది.

మార్చి మూడో వారం. నీళ్లు వేడెక్కుతూ, బాస్ గుడ్లు పెట్టడానికి ఒడ్డు వైపు వచ్చే కాలం. దారిలో ఆయన జేబులోంచి ఫిషింగ్ లైసెన్సు తీసి చూపించారు. ఆగస్టు 31 దాకా చెల్లుతుంది. "డాక్టరు వేసవి దాకా అన్నాడు. నేను ఏడాదికి డబ్బు కట్టాను" అని నవ్వబోతే దగ్గు వచ్చింది. ఆక్సిజన్ మిషనుకి రెండు బ్యాటరీలు తెచ్చారు. ఆ రెండూ ఎంతసేపు వస్తే మా చేపల వేట అంతసేపు.

మొదటి చిక్కు ముడి దగ్గరే వచ్చింది. విన్‌బ్లాస్టిన్ అనే మందు వల్ల నా వేళ్ల చివర్లు మొద్దుబారాయి, అప్పటికి చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేకపోతున్నాను. ఆయన చేతులేమో వణుకుతున్నాయి. పాలోమర్ అని ఒక ముడి ఉంది. దారాన్ని రెండు పేటలు చేసి గాలం కన్నులోంచి దూర్చి వేయాలి. ఆయన గాలాన్ని మోకాలికి అదిమిపెట్టి రెండు చేతులా కదలకుండా పట్టుకున్నారు. నేను వేళ్లని నమ్మకుండా కళ్లతో చూస్తూ దూర్చాను. ఆయన వంగి ఉమ్మితో తడిపి పళ్లతో బిగించారు. ఒక ముడికి పది నిమిషాలు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. ప్లాస్టిక్ పురుగుని అడుగున మెల్లగా లాగుతుంటే చేప దాన్ని నోట్లోకి పీల్చుకుంటుంది. అప్పుడు దారం మీద పెట్టిన చూపుడు వేలికి టక్ టక్‌మని తెలియాలి. నాకేమీ తెలియలేదు. రెండు చేపలు ఎర మింగి, ఉమ్మేసి వెళ్లిపోయాయి. "వేలిని వదిలెయ్. దారం చూడు. నీళ్లలోకి దిగే చోట అది పక్కకి నడిస్తే, లాగు" అన్నారాయన.

బాస్‌లో టెక్సాస్ రాష్ట్ర రికార్డు కథ కూడా చెప్పారు. 1992 జనవరిలో బ్యారీ సెయింట్ క్లెయిర్ అనే ఆయన ఇదే చెరువులో క్రాపీ అనే చిన్న చేపల కోసం గాలం వేస్తే 18.18 పౌండ్ల బాస్ పడిందట. కథ సగంలో ఉండగా "దారం!" అన్నారు. నా దారం ఎడమకి నడుస్తోంది. లాగాను. కడ్డీ విల్లులా వంగింది. చేప మోడు వైపు పరుగెత్తింది. అరుస్తూ తిప్పమన్నారు, ఆపమన్నారు, మళ్లీ తిప్పమన్నారు. చివరికి కూర్చున్న చోటు నుంచే వల చాచి ఎత్తారు. ఆ తర్వాత అయిదు నిమిషాలు ఆయనకి మాట రాలేదు, బుస్సు బుస్సుమని మిషను మాత్రమే మాట్లాడింది. భయమేసి ఆయన కొడుక్కి ఫోన్ చెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపారు.

కొలబద్ద మీద పెడితే 23 అంగుళాలు, తూకం ఏడు పౌండ్లు దాటింది. ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ని ఉంచుకోకూడదు, నీళ్లలోకి వదిలెయ్యాలి. దాన్ని స్లాట్ అంటారు. వదిలాను. తోకతో మొహం మీద నీళ్లు కొట్టి వెళ్లిపోయింది. "సోమవారం నా స్కాన్. నేనూ స్లాట్‌లో ఉంటే బాగుణ్ణు" అన్నారు. ఏం చెప్పాలో తెలియక నేనూ నవ్వాను.

అప్పుడు చూశాను, నా గ్లవ్ ఎర్రగా ఉంది. గాలం విప్పేటప్పుడు బొటనవేలికి గుచ్చుకుంది, నాకు తెలియనే లేదు. ఆ రాత్రి గంటకోసారి థర్మామీటరు పెట్టుకున్నాను. 99.1 దాటలేదు. మా ఆవిడకి వారం తర్వాత చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు.

పదకొండో డోసుకి వెళ్తే పక్క కుర్చీలో వేరే ఎవరో ఉన్నారు. అడిగితే, ఇంకో పేషెంటు గురించి చెప్పకూడదని నర్సు తల దించుకుంది. ఆయనా నేనూ రెండుసార్లు ఫోన్‌లో మాట్లాడాం. రెండోసారి మాటకీ మాటకీ మధ్య మిషను చప్పుడే ఎక్కువ. మేలో ఆయన కొడుకు ఫోన్ చేశాడు. లైసెన్సుకి ఇంకా మూడు నెలల పైన గడువుంది.

నా పెట్ స్కాన్‌లో ఏమీ మిగల్లేదని తేలింది. దసరా నాటికి గుండీలు నేనే పెట్టుకున్నాను. వేళ్లకి స్పర్శ వచ్చింది, టక్ టక్‌మంటే ఇప్పుడు బాగానే తెలుస్తుంది. అయినా ఫోర్క్‌కి వెళ్లిన ప్రతిసారీ, నీళ్లలోకి దిగే చోట దారాన్నే చూస్తూ కూర్చుంటాను.