ఆదివారం, ఒక కార్నర్ కిక్, ఆల్బర్ట్ రోకా

పొద్దున ఆరింటికే అక్క ఫోన్. "మీ బావ ఊళ్ళో లేరు, చిన్నోణ్ణి ఫుట్‌బాల్ మ్యాచ్‌కి నువ్వే తీసుకెళ్ళాలిరా" అంది. సరేనని బండి తీశాను.

వాళ్ళ జట్టు 1-0తో ఓడిపోయింది. చివర్లో అవతలివాళ్ళకి కార్నర్ పడింది, అంటే మైదానం మూల నుంచి గోల్ ముందుకి బంతిని తన్నే కిక్. అవతలి జట్టులో పొడుగ్గా ఉన్న అబ్బాయిని పట్టుకోవాల్సింది మావాడే. బంతిని చూస్తూ మనిషిని వదిలేశాడు. ఆ అబ్బాయి వెనకనుంచి వచ్చి తలతో కొట్టేశాడు. టిఫిన్ బండి దగ్గర ఆపితే ఇడ్లీ కెలుకుతూ కూర్చున్నాడు, ఇష్టమైన వడ కూడా ముట్టుకోలేదు. కాసేపయ్యాక అన్నాడు: "మామయ్యా, నన్ను ముందు ఆడించమని సార్‌కి చెప్పవా? వెనక ఆడితే గోల్ పడినప్పుడు అందరూ మననే అంటారు. పడకపోతే ఎవరూ చూడరు."

వెంటనే ఏం చెప్పాలో తెలియలేదు. వాడు అన్నదాంట్లో అబద్ధం లేదు. ఇంటికొచ్చే దారిలో గచ్చిబౌలి స్టేడియం కనిపించింది, ఫుట్‌బాల్ కోచ్ ఆల్బర్ట్ రోకా గుర్తొచ్చాడు.

ఆల్బర్ట్ రోకాది బార్సిలోనా దగ్గరి గ్రానొల్లెర్స్. 1962లో పుట్టాడు. సెంట్రల్ డిఫెండర్, అంటే గోల్ ముందు మధ్యలో కాపలా కాసే ఆటగాడు. సబాడెల్ అనే స్పెయిన్ క్లబ్‌కు ఆడాడు కానీ స్పెయిన్ బయట ఆటగాడిగా ఆయన పేరు పెద్దగా ఎవరికీ తెలియదు. ఆట మానేశాక కూడా చాలా ఏళ్ళు వెనకే ఉన్నాడు. 2003 నుంచి ఐదేళ్ళు బార్సిలోనా క్లబ్‌లో కోచ్ ఫ్రాంక్ రైకార్డ్ శిక్షణ బృందంలో పనిచేశాడు. 2006లో పారిస్‌లో ఆర్సెనల్‌ని 2-1తో ఓడించి యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్ గెలిచినప్పుడు కెమెరాలన్నీ రొనాల్డీన్యో, ఎటో, రైకార్డ్ మీదే. తర్వాత టర్కీ క్లబ్ గలతసరాయ్‌కి, సౌదీ జాతీయ జట్టుకి కూడా రైకార్డ్ వెంటే వెళ్ళాడు. ఎల్ సాల్వడార్ జాతీయ జట్టు కోచ్ అయ్యేసరికి యాభై దాటాయి.

2016లో బెంగళూరు ఎఫ్‌సీకి వచ్చాడు. అప్పుడు నా ఉద్యోగం బెంగళూరులోనే. ఆ అక్టోబరు రాత్రి కంఠీరవ స్టేడియంలో నేనున్నాను. ఆసియా క్లబ్బుల టోర్నీ ఏఎఫ్‌సీ కప్ సెమీఫైనల్, ఎదురుగా అంతకుముందు ఏడాది కప్ గెలిచిన మలేషియా జట్టు జొహోర్. మొదటి గోల్ వాళ్ళదే. తర్వాత సునీల్ ఛెత్రి రెండు కొట్టాడు, మూడోది స్పెయిన్ డిఫెండర్ హువానన్ కొట్టాడు. 3-1. ఒక భారత క్లబ్ ఆ కప్ ఫైనల్‌కి చేరడం అదే మొదటిసారి. దోహాలో ఫైనల్ 1-0తో పోయింది, అది వేరే బాధ. గెలుపు ఒక్కటే కాదు, ఆ జట్టు ఆడే తీరు నాకు భలే నచ్చేది. బంతిని గుడ్డిగా గాల్లోకి తన్నేసేవాళ్ళు కాదు. పక్కనున్న డిఫెండర్‌కి నేల మీదే ఇచ్చేవాళ్ళు, ఆట అక్కణ్ణుంచి మొదలయ్యేది. స్టాండ్స్‌లో మాకు టెన్షన్, వాళ్ళకి మాత్రం లేదు.

2018 మార్చి 17న ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్‌కి కూడా వెళ్ళాను. ఆ సీజన్ లీగ్‌లో 18 మ్యాచ్‌ల్లో 40 పాయింట్లు తెచ్చుకున్న జట్టు మాది, ఆడేది మా సొంత గ్రౌండ్‌లో. తొమ్మిదో నిమిషంలోనే ఛెత్రి గోల్. ఆ తర్వాత చెన్నైయిన్ డిఫెండర్ మైల్సన్ ఆల్వెస్ రెండు కార్నర్లకి రెండు గోల్స్ కొట్టాడు, రెండూ తలతోనే. చివరికి 3-2తో ఓడిపోయాం. జీవితమంతా అలాంటి బంతుల్ని ఆపిన మనిషి రోకా, టచ్‌లైన్ దగ్గర నిలబడి రెండుసార్లూ చూస్తూ ఉండాల్సి వచ్చింది. నెల దాటిన కొద్దిరోజులకే భువనేశ్వర్‌లో ఈస్ట్ బెంగాల్‌ని 4-1తో ఓడించి అదే జట్టుతో సూపర్ కప్ గెలిచాడు.

2020 జనవరిలో ఆయన మా హైదరాబాద్ ఎఫ్‌సీకి వస్తున్నాడని తెలిసిన రోజు నేను నిజంగా ఎగిరి గంతేశాను. ఆ సీజన్‌లో మనవాళ్ళు అందరికన్నా అడుగున ఉన్నారు. వచ్చే సీజన్ నుంచి రోకాయే కోచ్ అన్నారు. కానీ ఆగస్టులో బార్సిలోనా క్లబ్ పిలిచింది, అక్కడి కొత్త కోచ్ కూమన్ దగ్గర ఫిట్‌నెస్ కోచ్‌గా వెళ్ళిపోయాడు. ఒక్క మ్యాచ్ కూడా ఆడించకుండానే. అప్పుడు చాలా కోపమొచ్చింది నాకు. ఇప్పుడు లేదు. సొంత ఊరి పక్క క్లబ్, యాభై ఏడేళ్ళ వయసులో మళ్ళీ పిలిస్తే ఎవరు మాత్రం ఆగుతారు? ఆయన స్థానంలో వచ్చిన మానోలో మార్కెజ్‌ది కూడా బార్సిలోనా ఊరే. 2022లో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి మనకి ఐఎస్ఎల్ కప్పు తెచ్చిపెట్టాడు. ఆ సీజన్ మన జట్టులో హువానన్ కూడా ఉన్నాడు. ఆ క్లబ్ ఇప్పుడు ఢిల్లీకి తరలిపోయింది. వాళ్ళు ఆడిన గచ్చిబౌలి స్టేడియం మీదుగా వెళ్ళినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

రాత్రి భోజనాలయ్యాక చిన్నోడికి ఆ 2018 ఫైనల్ గోల్స్ ఫోన్‌లో చూపించాను. ఓదార్చాలని కాదు, ఎందుకో చూపించాలనిపించింది. మొదటి హెడర్ చూశాడు. వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు. రెండోది నాలుగుసార్లు చూశాడు.

"ఇతన్ని పట్టుకోవాల్సింది ఎవరు మామయ్యా? మొదటిసారి కొట్టాక కూడా ఎలా వదిలేశారు?"

"నువ్వే చెప్పు" అన్నాను.

స్క్రీన్ ఆపి, వేలితో ఒక్కొక్కణ్ణీ చూపిస్తూ పది నిమిషాలు మాట్లాడాడు. ముందు ఆడించమని సార్‌కి చెప్పే మాట మళ్ళీ ఎత్తలేదు. రేపు సాయంత్రం సెల్లార్‌లో కార్నర్లు వేయమన్నాడు, వాడు ఆపుతాడట. బంతిలో గాలి తగ్గింది, పంపు ఎక్కడుందో వెతకాలి.