కవర్ చింపి వెనక్కి పంపే వ్యాపారం

ఆదివారం అబిడ్స్‌లో షాపులు మూసి ఉన్నప్పుడు ఫుట్‌పాత్ మీద పరిచే పాత ఇంగ్లిష్ నవలలు తిరగేసే అలవాటుంటే మీరూ చూసే ఉంటారు. అమెరికాలో అచ్చయిన చిన్న సైజు పేపర్‌బ్యాక్‌ల మొదటి పేజీల్లో ఒక హెచ్చరిక ఉంటుంది. ఈ పుస్తకాన్ని కవర్ లేకుండా కొన్నట్లయితే ఇది దొంగ సొత్తు అయి ఉండొచ్చు, అమ్ముడుపోలేదు, నాశనం చేశాం అని పబ్లిషర్‌కి లెక్క చెప్పేశారు, రచయితకీ పబ్లిషర్‌కీ దీని మీద పైసా ముట్టలేదు అని. కాలేజీ రోజుల్లో ఇది చదివి నవ్వుకున్నాను, పుస్తకం చేతిలో ఉంటే నాశనం చేశామంటాడేంటి అని. దీని వెనక ఏముందో వెతుకుతూ పోతే సైమన్ అండ్ షుస్టర్ అనే న్యూయార్క్ కంపెనీ చరిత్ర దగ్గర తేలాను. సాహిత్యం మీద ప్రేమతో మొదలైన ప్రచురణ సంస్థల కథలు చాలా విన్నాం గానీ ఇది ఆ బాపతు కాదు. వీళ్లు ముందు నుంచీ అమ్మకం తెలిసినవాళ్లు.

రిచర్డ్ సైమన్ పియానోలు అమ్మేవాడు. మాక్స్ షుస్టర్ కార్ల వ్యాపారానికి సంబంధించిన ఒక పత్రికకి ఎడిటర్. పియానో అమ్ముదామని వెళ్లిన సైమన్‌కి షుస్టర్ దగ్గర పియానో బేరం కుదరలేదు గానీ స్నేహం కుదిరింది. ఇద్దరూ కలిసి ఎనిమిది వేల డాలర్లు పోగేసి 1924లో కంపెనీ పెట్టారు. ఆఫీసు ఉంది, బోర్డు ఉంది, వేయడానికి మాత్రం పుస్తకం లేదు. అప్పుడు సైమన్ వాళ్ల ఆంటీ ఒకావిడ, న్యూయార్క్ వరల్డ్ పేపర్లో వచ్చే క్రాస్‌వర్డ్‌లంటే పడిచచ్చే అమ్మాయికి ఇవ్వడానికి, అలాంటివన్నీ కలిపిన పుస్తకం ఏదైనా దొరుకుతుందా అని అడిగింది. దొరకదు, ఎందుకంటే అప్పటిదాకా ఎవరూ వేయలేదు. ఆ పేపర్లో క్రాస్‌వర్డ్ 1913 నుంచి వస్తోంది, పదేళ్లలో ఏ పబ్లిషర్‌కీ ఈ ఆలోచన తట్టలేదు!

మన వారపత్రికల్లో పదబంధ ప్రహేళిక ఉన్న పేజీ ముందు తిప్పి, సీరియల్ తర్వాత చదివే పెద్దవాళ్లున్న ఇంట్లో పెరిగితే ఆ ఆంటీ కోరికలో వింతేమీ కనపడదు. కానీ తెలిసినవాళ్లంతా వద్దన్నారట. కొత్త కంపెనీ మొదటి పుస్తకమే గళ్లూ పజిళ్లూ అయితే రేపు పెద్ద రచయితలెవరూ గడప తొక్కరు అని. అందుకని సొంత పేరు పెట్టకుండా ప్లాజా పబ్లిషింగ్ అనే పేరుతో 3,600 కాపీలు వేశారు. ధర 1.35 డాలర్లు, పుస్తకంతో పాటు ఒక పెన్సిల్ ఫ్రీ. నాకు ఈ కథ మొత్తంలో నచ్చింది ఆ పెన్సిలే. షాపులో పుస్తకం చేతిలోకి తీసుకున్నవాడు అక్కడే మొదటి గడి నింపడం మొదలుపెడితే ఇంక కొనక ఏం చేస్తాడు? కొన్ని నెలల్లోనే లక్షకి పైగా అమ్ముడుపోయింది. ఆ తర్వాత పేరు దాచుకోవాల్సిన అవసరం రాలేదు.

ఇక వెనక్కి పంపే సంగతి. అమ్ముడుపోని కాపీలు తిరిగి పంపేయండి, మీ ఖాతాలో జమ చేస్తాం అని అమెరికాలో షాపులకి మొదట మాటిచ్చింది వీళ్లేనని చెబుతారు. షాపువాడికి రిస్క్ పోయింది కాబట్టి పది తీసుకునే చోట యాభై తీసుకుంటాడు, కిటికీలో పేర్చి పెడతాడు. పోటీ కంపెనీలకి కూడా ఇదే దారి పట్టక తప్పలేదు. ఇవాళ్టికీ అక్కడ పుస్తక వ్యాపారం చాలావరకు ఈ పద్ధతి మీదే నడుస్తోంది, దీన్ని తిట్టుకోని పబ్లిషర్ కూడా ఉండడు.

అయితే గట్టి అట్ట పుస్తకాన్ని వెనక్కి పంపితే మళ్లీ అమ్ముకోవచ్చు, చవక పుస్తకాన్ని పంపితే రవాణా ఖర్చే పుస్తకం ధరని మించిపోతుంది. ఆ చవక పుస్తకాలని అమెరికాలో జనం దాకా తీసుకెళ్లిందీ ఈ ఇంటివాళ్లే. రాబర్ట్ డి గ్రాఫ్ అనే ఆయన సైమన్, షుస్టర్, వాళ్ల భాగస్వామి లియోన్ షిమ్‌కిన్‌లతో కలిసి 1939 జూన్‌లో పాకెట్ బుక్స్ మొదలుపెట్టాడు. ఇంగ్లండ్‌లో చవక పేపర్‌బ్యాక్‌లు వేసే పెంగ్విన్ అప్పటికే నాలుగేళ్లుగా నడుస్తోంది కాబట్టి ఐడియా కొత్తదేం కాదు. ధర 25 సెంట్లు, అంటే ఒక్క నాణెం, చిల్లర గొడవ లేదు. మొదటి విడత పది పుస్తకాల్లో షేక్‌స్పియర్ విషాదాంత నాటకాలూ ఉన్నాయి, అగాథా క్రిస్టీ హత్య కథా ఉంది. లోగో కళ్లజోడు పెట్టుకుని పుస్తకం చదువుకునే కంగారూ, దానికి గెర్‌ట్రూడ్ అని పేరు, బొమ్మ గీసిన ఆర్టిస్టు తన అత్తగారి పేరు పెట్టాడట. (అత్తగారు ఏమన్నారో ఎవరూ రాసిపెట్టలేదు, అదీ నా బాధ.)

అసలు తెలివి ధరలో కంటే అమ్మిన చోటులో ఉంది. అప్పట్లో అమెరికాలో సరైన పుస్తకాల షాపు పెద్ద ఊళ్లలోనే ఉండేది. డి గ్రాఫ్ షాపుల కోసం చూడకుండా పేపర్లు, వారపత్రికలు చేరవేసే వాళ్లని పట్టుకున్నాడు. దాంతో మందుల షాపులో, బస్ స్టేషన్‌లో, సిగరెట్లమ్మే కొట్లో పుస్తకాలు ప్రత్యక్షమయ్యాయి. పత్రికల పద్ధతి కూడా వాటితో పాటే వచ్చింది. వారం గడిచిన పత్రిక మొత్తాన్ని ఎవడూ వెనక్కి పంపడు, పై కాగితం చింపి సాక్ష్యంగా పంపుతాడు. పుస్తకానికీ అదే గతి పట్టింది, కవర్ పబ్లిషర్‌కి, లోపలి పుస్తకం చిత్తుకాగితాల మిల్లుకి. మిల్లుకి చేరకుండా దారి తప్పినవి పాత పుస్తకాల మార్కెట్‌కి చేరతాయి కాబట్టే ఆ హెచ్చరిక. పుస్తకాన్ని చంపి కవర్‌ని పోస్టుమార్టం రిపోర్టులా పంపడం నాకైతే దారుణంగానే అనిపిస్తుంది, కానీ అదే పద్ధతి లేకపోతే ఏ మారుమూల బస్ స్టేషన్‌లోనో షేక్‌స్పియర్ పాతిక సెంట్లకి దొరికేవాడు కాదు. 1946లో డాక్టర్ స్పాక్ పిల్లల పెంపకం పుస్తకాన్ని ఇదే ధరకి వేశారు, అది కోట్లలో పోయింది.

మనకీ ఆ రోజులున్నాయి. ఎమెస్కో వాళ్ల ఇంటింటా గ్రంథాలయం, రైల్వే స్టేషన్ స్టాళ్లలో వేలాడే నవలలు, చిక్కడపల్లి, నల్లకుంట సందుల్లో అద్దె లైబ్రరీలు. మా అమ్మ ఉదయం తెచ్చిన నవల సాయంత్రానికి తిరిగిచ్చేసేది, రెండో రోజుకి అద్దె పడకూడదని. అప్పుడు నవల జనం నడిచే దారిలో ఉండేది. ఇప్పుడు తెలుగు పుస్తకం కావాలంటే కాచిగూడ నవోదయకి పనిగట్టుకుని వెళ్లాలి, లేదా డిసెంబర్‌లో బుక్ ఫెయిర్ కోసం ఆగాలి, లేదంటే ఆన్‌లైన్. మా స్నేహితుడొకడు సొంత డబ్బుతో కథల పుస్తకం వేసి ఒక షాపులో కాపీలు పెట్టాడు. డబ్బు రాలేదు, కాపీలూ వెనక్కి రాలేదు, ఫోన్ చేస్తే చూస్తాం సార్ అంటారు. ఇక్కడ కూడా అమ్ముడుపోనివి వెనక్కి ఇచ్చే పద్ధతే అని పేరుకి చెబుతారు, లెక్క మాత్రం ఉండదు. కవర్ చింపి పంపినా వాడు సంతోషించేవాడు, ఎన్ని మిగిలాయో కనీసం తెలిసేది.

కంపెనీ తర్వాతి చరిత్ర చేతులు మారిన చరిత్ర, త్వరగా చెప్పేస్తాను. 1944లో చికాగో కోటీశ్వరుడు మార్షల్ ఫీల్డ్ కొన్నాడు, ఆయన పోయాక మళ్లీ పాతవాళ్ల చేతికి వచ్చింది. 1975లో గల్ఫ్ అండ్ వెస్టర్న్ అనే, కారు విడిభాగాల నుంచి సినిమాల దాకా అన్నీ ఉన్న కంపెనీ కొంది. 1994లో వయాకామ్ అనే మీడియా కంపెనీ. అదే ఏడాది మాక్‌మిలన్ అనే ఇంకో ప్రచురణ సంస్థని కొనడంతో హెమింగ్‌వేని అచ్చేసిన పాత స్క్రిబ్నర్ సంస్థ కూడా దీనిలోకి వచ్చి చేరింది. క్రాస్‌వర్డ్ వేస్తే పెద్ద రచయితలు రారని భయపెట్టిన వాళ్లు అప్పటికి బతికుంటే బాగుండేది.

2020లో పెంగ్విన్ రాండమ్ హౌస్ అనే పెద్ద ప్రచురణ సంస్థ దీన్ని 217.5 కోట్ల డాలర్లకి కొనడానికి ఒప్పందం చేసుకుంటే, అమెరికా ప్రభుత్వం అడ్డుపడి కోర్టుకి వెళ్లింది. పుస్తకాల ధర పెరుగుతుందన్నది ఆ కేసులో ప్రధాన వాదన కాదు, రెండున్నర లక్షల డాలర్లు, ఆ పైన అడ్వాన్సు తీసుకునే రచయితలకి పోటీ తగ్గి నష్టం జరుగుతుందన్నది వాదన. రచయిత అడ్వాన్సు కోసం ప్రభుత్వం కోర్టుకెక్కడం! ఇది చదివినప్పుడు మా స్నేహితుడే గుర్తొచ్చాడు. సైమన్ అండ్ షుస్టర్‌లోనే పుస్తకాలు వేసుకునే స్టీఫెన్ కింగ్ వచ్చి ఈ బేరానికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. 2022 అక్టోబర్ 31న జడ్జి ఫ్లోరెన్స్ పాన్ ఆపేశారు. బేరం చెడినందుకు పెంగ్విన్ వాళ్లు 20 కోట్ల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది.

మరుసటి ఏడాది 162 కోట్ల డాలర్లకి కేకేఆర్ అనే అమెరికా పెట్టుబడుల సంస్థ కొనేసింది, 2020లో మన జియోలో డబ్బు పెట్టిన కేకేఆరే. ఉద్యోగులకి కూడా వాటా ఇస్తామన్నారు. పుస్తకాల గురించి వీళ్లకేం తెలుసు అని అక్కడ చాలామంది గొణిగారు గానీ, నాకు అంత బెంగ లేదు, ఇంతకుముందు కొన్నవాళ్లకి మాత్రం ఏం తెలుసు? ఇలాంటి కంపెనీలు కొనేదే కొన్నాళ్లుంచుకుని అమ్మడానికి కాబట్టి ఇంకో ఓనర్ పేరు రాసుకోవడానికి జాబితా చివర ఖాళీ ఉంచాను.