వాన లెక్కల సైటు: రెండు సర్వర్లకు హెల్త్ చెక్ అమరిక

అనంతపురం జిల్లాలో గుత్తి, ఉరవకొండ, కళ్యాణదుర్గం, తాడిపత్రి ప్రాంతాల మిత్రులు ఇళ్ల దగ్గర పెట్టుకున్న రెయిన్ గేజ్‌ల కొలతలను ఒకచోట చేర్చే మా చిన్న సైటును ఈ నెల రెండు సర్వర్ల మీదికి మార్చాము. వాతావరణ శాఖ పద్ధతిలో వానను ఉదయం 8.30 గంటలకు కొలుస్తారు కనుక, రాత్రి వాన పడిందంటే అందరూ దాదాపు ఒకే సమయంలో అంకెలు ఎక్కిస్తారు. విత్తనానికి పదునైందో లేదో చూసుకునే రైతులూ అదే వేళకు సైటు తెరుస్తారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన పడే జిల్లాలో అలాంటి ఉదయాలు తక్కువ. ఆ ఉదయాన సైటు పనిచేసి తీరాలి.

అమెజాన్ క్లౌడ్ హైదరాబాద్ రీజియన్‌లో రెండు అవైలబిలిటీ జోన్లకు (విడివిడి డేటా సెంటర్ల సముదాయాలకు) చెరొక సర్వర్, వాటి ముందు అభ్యర్థనలను వాటికి పంచే ఒక అప్లికేషన్ లోడ్ బ్యాలన్సర్ పెట్టాము. ప్రతి సర్వర్‌లో అభ్యర్థనలను మొదట అందుకునే ఎన్‌జింక్స్, దాని వెనుక పైథాన్ ప్రోగ్రాములను నడిపే గునికార్న్, అందులో జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌తో రాసిన సైటు ఉన్నాయి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మాత్రం రెండింటికీ ఒక్కటే. సర్వర్ల 80వ పోర్టును (వెబ్ అభ్యర్థనలు వచ్చే ద్వారాన్ని) లోడ్ బ్యాలన్సర్ సెక్యూరిటీ గ్రూప్‌కు (దాని ఫైర్‌వాల్ నియమాల సమూహానికి) తప్ప మరెవరికీ తెరవలేదు.

హెల్త్ చెక్, అంటే సర్వర్ పనిచేస్తోందో లేదో లోడ్ బ్యాలన్సర్ పదేపదే అడిగి చూసుకునే తనిఖీ, మొదలుపెట్టగానే రెండు సర్వర్లూ అన్‌హెల్దీగా (పనిచేయనివిగా) కనిపించాయి. లాగ్‌లో ‘ఈఎల్‌బీ-హెల్త్‌చెకర్/2.0’ పేరుతో వస్తున్న ప్రతి అభ్యర్థనకూ 400 (అభ్యర్థన సరిగా లేదు) జవాబు వెళ్తోంది. కారణమేమిటంటే, లోడ్ బ్యాలన్సర్ పంపే తనిఖీలో హోస్ట్ హెడర్‌గా (ఏ సైటు కావాలో చెప్పే వరుసలో) సైటు పేరు ఉండదు, సర్వర్ ప్రైవేట్ ఐపీ (లోపలి నెట్‌వర్క్ చిరునామా) ఉంటుంది. జాంగో ఒప్పుకునే పేర్లుండే ఎలౌడ్ హోస్ట్స్ జాబితాలో అది లేకపోతే తిరస్కరిస్తుంది. ఐపీలను జాబితాలో చేర్చుకుంటూ పోతే సర్వర్ మారిన ప్రతిసారీ మళ్లీ చేర్చాలి. అందుకని ఎన్‌జింక్స్‌లో హెల్త్ పాత్‌కు (తనిఖీ అడిగే చిరునామాకు) మాత్రం హోస్ట్ హెడర్‌గా సైటు పేరునే పెట్టి గునికార్న్‌కు పంపాము. ఎన్‌జింక్స్ తానే 200 (అంతా సరే) జవాబిచ్చేలా రాయడం ఇంకా సులువే కానీ, అలా చేస్తే వెనుక గునికార్న్ పడిపోయినా సర్వర్ బాగున్నట్టే కనిపిస్తుంది.

డిఫాల్ట్‌గా తనిఖీ 30 సెకన్లకోసారి జరుగుతుంది. వరుసగా రెండు తప్పితే సర్వర్‌ను పక్కన పెడుతుంది, వరుసగా ఐదు నెగ్గితే తిరిగి చేర్చుకుంటుంది. అంటే పడిపోయిన సంగతి తెలియడానికి దాదాపు నిమిషం, కోలుకున్నాక వరుసలోకి రావడానికి రెండున్నర నిమిషాల దాకా పడుతుంది. మా 8.30 రద్దీకి ఇది ఎక్కువ. ఇంటర్వల్ (తనిఖీల మధ్య ఎడం) 10 సెకన్లు, టైమౌట్ (జవాబు కోసం ఆగే గడువు) 3 సెకన్లు, అన్‌హెల్దీ త్రెషోల్డ్ (పక్కన పెట్టడానికి వరుసగా తప్పాల్సినవి) 2, హెల్దీ త్రెషోల్డ్ (తిరిగి చేర్చుకోవడానికి నెగ్గాల్సినవి) 3 పెట్టాము. లోడ్ బ్యాలన్సర్‌కు ప్రతి జోన్‌లో ఉన్న నోడ్ విడివిడిగా తనిఖీ చేస్తుంది కనుక లాగ్ త్వరగా నిండుతుంది. అంతా సవ్యంగా నడుస్తోందని తేలాక ఆ పాత్‌కు యాక్సెస్ లాగ్ ఆపేశాము.

హెల్త్ పాత్‌లో ఏం చూడాలన్నదే మేము ఎక్కువగా చర్చించిన విషయం. డేటాబేస్‌ను కూడా అడగాలని ఒక మిత్రుడి అభిప్రాయం. డేటాబేస్ ఉమ్మడిది కాబట్టి అది కాసేపు నెమ్మదిస్తే రెండు సర్వర్లూ ఒకేసారి అన్‌హెల్దీ అవుతాయి. సర్వర్‌ను మార్చినందువల్ల డేటాబేస్ బాగుపడదు. తరువాత సర్వర్లను దానంతట అదే తీసేసి, చేర్చే ఆటో స్కేలింగ్ పెట్టి ఈ తనిఖీనే దానికి ఆధారం చేస్తే, ఏ లోపమూ లేని సర్వర్లను తీసేసి కొత్తవి పెడుతూ పోతుంది. కాబట్టి జాంగో జవాబిస్తోందా, రెయిన్ గేజ్ ఫోటోలు చేరే డిస్కులో చిన్న ఫైలు రాయగలుగుతోందా అన్న రెండింటినే, అంటే ఆ సర్వర్ సొంత సంగతులనే, ఇందులో ఉంచాము. డేటాబేస్ తనిఖీ వేరే పాత్‌లో ఉంది. దానిని ఇంటి కంప్యూటర్ ఐదు నిమిషాలకోసారి అడిగి, తేడా ఉంటే ఫోన్‌కు సందేశం పంపుతుంది.

పరీక్షకు ఒక సర్వర్‌లో గునికార్న్ ప్రాసెస్‌లన్నింటినీ చంపకుండా, స్టాప్ సిగ్నల్‌తో స్తంభింపజేశాము. ప్రాసెస్‌లు ఉన్నాయి, పోర్టు తెరిచే ఉంది, జవాబు మాత్రం లేదు. పోర్టును మాత్రమే చూసే టీసీపీ తనిఖీ దీనిని పట్టుకోలేదు. ఇంటి నుంచి సెకనుకొకసారి కర్ల్ (వెబ్ పేజీలను అడిగే కమాండ్)తో అడుగుతుంటే, మొదట కొన్ని అభ్యర్థనలు వేలాడి, అరనిమిషం లోపే జవాబులన్నీ రెండో సర్వర్ నుంచి రావడం మొదలైంది.

తరువాత రెండింటినీ ఆపాము. టార్గెట్లన్నీ (లోడ్ బ్యాలన్సర్ వెనుక ఉన్న సర్వర్లన్నీ) అన్‌హెల్దీ అయితే అప్లికేషన్ లోడ్ బ్యాలన్సర్ అభ్యర్థనలను ఆపదు, అన్నింటికీ పంపుతూనే ఉంటుంది. దీనిని ఉపయోగించుకొని, గునికార్న్ పడిపోతే చివరిగా భద్రపరచిన కొలతల పేజీని ఎన్‌జింక్స్ చూపేలా రాశాము. ఆ పేజీ 503 (సేవ అందుబాటులో లేదు) కోడ్‌తోనే వెళ్లాలి, హెల్త్ పాత్‌కు అసలు వర్తించకూడదు. లేకపోతే పడిపోయిన సర్వర్ హెల్దీగా లెక్కకు వస్తుంది.

కొత్త కోడ్ ఎక్కించేటప్పుడు సర్వర్‌ను వరుస నుంచి తప్పిస్తూ, నడుస్తున్న అభ్యర్థనలు ముగియడానికి ఇచ్చే గడువైన డీరిజిస్ట్రేషన్ డిలేను 300 సెకన్ల నుంచి 30కి తగ్గించాము. మా అభ్యర్థనలేవీ అంతసేపు సాగవు.

అమెజాన్ పర్యవేక్షణ సేవ క్లౌడ్‌వాచ్‌లో అన్‌హెల్దీ హోస్ట్ కౌంట్ (పడిపోయిన సర్వర్ల సంఖ్య) సున్నా దాటితే ఈమెయిల్ వచ్చే అలారం ఇంకా పెట్టాలి. ఒక సర్వర్ పడిపోయినా సైటు మామూలుగానే కనిపిస్తుంది కనుక, రెండోదీ పడేదాకా ఎవరికీ తెలియదు. సెప్టెంబరు వానలకు ముందే ఆ పని ముగించాలని అనుకుంటున్నాము.